రగ్బీ బాల్, స్కూల్ ఫీజు: ప్రైవేట్ బడిలో మనం అసలు కొనేది ఏంటి?

 

ఈ ఎపిసోడ్ టైటిల్ చూసి "తిరుపతిలో కూర్చుని రగ్బీ గురించి ఏం చెప్తాడబ్బా ఇతను" అని మీలో సగం మంది అనుకునే ఉంటారు. న్యాయమే. మన దగ్గర పిలకాయలకి క్రికెట్ తెలుసు, కబడ్డీ తెలుసు, వాలీబాల్ తెలుసు. రగ్బీ అంటే ఏదో ఇంగ్లీష్ సినిమాలో కోడిగుడ్డు లాంటి బాల్ పట్టుకుని ఒకరి మీద ఒకరు పడే ఆట, అంతే.

కానీ నేను ఈ ఆటని ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. ప్రైవేట్ చదువు వల్ల వచ్చే లాభం ఏంటి, అది ఎక్కడి నుంచి వస్తుంది, డబ్బు లేనివాడికి అది దొరుకుతుందా దొరకదా అనే ప్రశ్నకి ఈ ఒక్క ఆట చరిత్రలో సమాధానం దొరుకుతుంది. జూన్ వస్తే మన ఇళ్ళల్లో జరిగే చర్చ మీకు తెలుసు కదా. "ఆ స్కూల్లో వేద్దామా, ఈ స్కూల్లో వేద్దామా, అప్పు చేసైనా సరే వేద్దామా" అని. తమ్ముడిదో చెల్లెలిదో అడ్మిషన్ అంటే ఫోన్‌లో వెతికేది మీరే. అందుకే ఈ విషయం మీకు తెలిసి ఉండాలి. ఫోన్ పక్కన పెట్టి వినండి. పక్కన పెడితే వినలేరు కదా, సరే, చేతిలోనే పెట్టుకోండి.

ముందు ఆట అర్థం చేసుకుందాం

మీకు కబడ్డీ తెలుసు కాబట్టి రగ్బీ సగం తెలిసినట్టే. కబడ్డీలో కూతకి వచ్చినవాణ్ణి నడుం పట్టో తొడ పట్టో పట్టి ఆపుతాం. రగ్బీలో బాల్ పట్టుకుని పరిగెత్తేవాణ్ణి అలాగే పట్టి కింద పడేస్తారు. దాన్ని ట్యాకిల్ అంటారు. భుజాల కన్నా పైన, అంటే మెడా తలా పట్టుకోకూడదు. అది ఫౌల్.

అసలు తమాషా ఎక్కడ ఉందంటే, బాల్‌ని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో మాత్రమే ఇవ్వాలి. ముందుకు పోవాలంటే బాల్ పట్టుకుని పరిగెత్తాలి, లేకపోతే కాలితో తన్నాలి. అంటే బాల్ ఉన్నవాడు అందరికన్నా ముందు ఉంటాడు, జట్టంతా వాడి వెనకాల ఉంటుంది. వాణ్ణి పట్టేసినప్పుడు వెనకాల మనిషి లేకపోతే బాల్ పోయినట్టే. ఒక్కడే హీరో అయిపోదాం అనుకుంటే కుదరదు.

అవతలి గీత దాటి బాల్‌ని నేలకి ఆనిస్తే 5 పాయింట్లు. దాన్ని ట్రై అంటారు. ఎందుకు ఆ పేరంటే, పాత రోజుల్లో బాల్ ఆనించినందుకు పాయింట్లు ఉండేవి కావు, గోల్‌లోకి తన్నడానికి ప్రయత్నం చేసే అవకాశం మాత్రం ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు ట్రై తర్వాత తన్నే కిక్ గోల్ అయితే ఇంకో 2 పాయింట్లు. పెనాల్టీ కిక్‌కి 3.

పెద్ద ఆటలో జట్టుకి 15 మంది, 80 నిమిషాలు. ఇంకో రకం సెవెన్స్. జట్టుకి 7 మంది, సగానికి 7 నిమిషాలు, మొత్తం 14 నిమిషాల్లో ఆట అయిపోతుంది. కబడ్డీ జట్టు కూడా ఏడుగురే కదా, గుర్తుపెట్టుకోవడం తేలిక. ఒలింపిక్స్‌లో 2016 నుంచి ఉన్నది ఈ సెవెన్సే.

ఆట పేరే ఒక స్కూల్ పేరు

రగ్బీ అనేది ఇంగ్లండ్‌లో ఒక ఊరు. ఆ ఊళ్ళో రగ్బీ స్కూల్ అని ఒక బడి ఉంది. ఆట పుట్టింది అక్కడే. 1823లో విలియమ్ వెబ్ ఎల్లిస్ అనే కుర్రాడు ఫుట్‌బాల్ ఆడుతూ ఆడుతూ బాల్‌ని చేత్తో పట్టుకుని పరిగెత్తాడని ఒక కథ చెప్తారు. ఆ కథకి ఆ కాలం నాటి ఆధారం లేదు. ఆయన చనిపోయాక నాలుగేళ్ళకి, 1876లో, అదే స్కూల్లో చదివిన ఇంకొకాయన రాసిన మాట అది. అయినా వరల్డ్ కప్‌కి ఎల్లిస్ పేరే పెట్టారు.

కథ సంగతి ఎలా ఉన్నా, ఆధారం ఉన్న విషయం ఒకటుంది. 1845లో ఈ ఆట రూల్స్‌ని మొదటిసారి కాగితం మీద పెట్టింది ఆ స్కూల్ విద్యార్థులే. టీచర్లు రాసి ఇవ్వలేదు. ఏది ఫౌల్, ఏది కాదు, గొడవ వస్తే ఎవరు తీర్చాలి అన్నది పిల్లలే కూర్చుని తేల్చుకున్నారు. దీన్ని కాసేపు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఇంగ్లండ్‌లో ఇలాంటి పాత, ఖరీదైన ప్రైవేట్ బడుల్ని పబ్లిక్ స్కూల్స్ అంటారు. పేరులో పబ్లిక్ ఉంటుంది, లోపలికి పోవాలంటే ఫీజు ఉంటుంది. మన దగ్గర కూడా కొన్ని పెద్ద ప్రైవేట్ బడుల పేర్లలో పబ్లిక్ స్కూల్ అని ఉండేది అందుకే. ఆ పేరు అక్కడి నుంచి వచ్చింది.

ఆ బడుల్లో ఆట అంటే టైం పాస్ కాదు. రేపు ఆఫీసర్లు అవ్వాల్సిన, రాజ్యం ఏలాల్సిన పిల్లలకి అది ట్రైనింగ్. దెబ్బ తగిలితే లేవడం, కెప్టెన్ మాట వినడం, రేపు తనే కెప్టెన్ అయితే పదిహేను మందిని నడిపించడం. రగ్బీ స్కూల్‌కి 1828 నుంచి 1842 దాకా హెడ్‌మాస్టర్‌గా ఉన్న థామస్ ఆర్నాల్డ్‌కి ఆటల మీద పెద్ద మోజు లేదు. కానీ ఆయన పేరు చెప్పుకుని తర్వాతి తరం ఆటల్ని చదువులో భాగం చేసింది. ఫ్రాన్స్ నుంచి పియర్ ద కూబెర్టాఁ అనే ఆయన వచ్చి ఇదంతా చూసి ముచ్చటపడ్డాడు. తర్వాత ఆధునిక ఒలింపిక్స్‌ని మొదలుపెట్టింది ఆయనే.

జీతం పోతే ఆడేదెలా: 1895 గొడవ

ఇప్పుడు అసలు విషయంలోకి వస్తున్నాం.

ఆట స్కూల్ గోడ దాటి బయటికి వచ్చింది. ఇంగ్లండ్ ఉత్తరాన బొగ్గు గనుల్లో, బట్టల మిల్లుల్లో పనిచేసేవాళ్ళు పట్టుకున్నారు. బాగా ఆడారు కూడా. సమస్య ఏంటంటే, మ్యాచ్ శనివారం. అప్పట్లో శనివారం కూడా పని ఉండేది. మ్యాచ్‌కి పోతే ఆ పూట కూలి పోతుంది. "పోయిన కూలి డబ్బులైనా ఇవ్వండి" అని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. ఆటని నడిపే సంఘంలో ఉన్న పెద్దలు ఒప్పుకోలేదు. డబ్బు తీసుకుంటే ఆట పవిత్రత పోతుందన్నారు. వాళ్ళకేం, ఇంట్లో ఆస్తి ఉంది. ఒక శనివారం పోతే పొయ్యి ఆరిపోదు.

1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ ఊళ్ళో జార్జ్ హోటల్‌లో 20కి పైగా క్లబ్బులు కూర్చుని విడిపోయాయి. అందుకే ఈరోజుకీ రగ్బీ యూనియన్, రగ్బీ లీగ్ అని రెండు ఆటలు ఉన్నాయి. యూనియన్ వాళ్ళు ఆటగాళ్ళకి డబ్బు ఇవ్వచ్చు అని ఒప్పుకున్నది 1995లో. అంటే నూరేళ్ళు పట్టింది.

ఎందుకు చెప్తున్నానంటే, రూల్ అందరికీ ఒకటే. "ఎవరికీ డబ్బు ఇవ్వం" అన్నారు. చూడ్డానికి సమానంగానే ఉంది. కానీ ఆ రూల్ వల్ల ఆట మానేసింది ఎవరు? కూలివాడు. ఇది మన బడులకీ వర్తిస్తుంది. "సెలక్షన్స్ అందరికీ ఓపెన్" అంటారు. ట్రాక్ సూటు, షూస్, బస్సు చార్జీలు, పొద్దున్నే పాలో గుడ్డో, సాయంత్రం ప్రాక్టీస్ అయ్యాక చీకట్లో ఊరికి పోవడానికి బండి, ఇవి మాత్రం అందరికీ ఉండవు.

లెక్క కూడా చూద్దాం. బ్రిటన్‌లో సట్టన్ ట్రస్ట్ అనే సంస్థ, సోషల్ మొబిలిటీ కమిషన్ కలిసి 2019లో ఒక రిపోర్ట్ ఇచ్చాయి. అక్కడ ప్రైవేట్ బడుల్లో చదివేది నూటికి 7 మంది. కానీ అంతర్జాతీయ రగ్బీ ఆడే మగ ఆటగాళ్ళలో 37 శాతం ప్రైవేట్ బడిలో చదివినవాళ్ళు. ఇంగ్లండ్ క్రికెట్‌లో 43 శాతం. ఫుట్‌బాల్‌లో 5 శాతం. ఫుట్‌బాల్ వీధిలో దొరుకుతుంది. రగ్బీకీ క్రికెట్‌కీ గ్రౌండు, కోచ్, సామాను కావాలి. ఏ ఆట ఎక్కడ దొరుకుతుందో దాన్ని బట్టే ఎవరు పైకి వస్తారో తేలిపోతోంది. అంతేగానీ ప్రైవేట్ పిల్లల కండలు వేరేగా ఉండవు కదా.

గోడ దాటించింది ఎవరు?

డబ్బు లేని ఇంట్లో పుట్టి ఈ ఆటలో శిఖరానికి చేరినవాళ్ళు ఉన్నారు. ఇద్దరి గురించి చెప్తాను.

ఒకాయన గారెత్ ఎడ్వర్డ్స్, వేల్స్ దేశం. నాన్న బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఊళ్ళో బడిలో బిల్ శామ్యూల్ అనే పీఈటీ సార్ ఈ కుర్రాణ్ణి చూశాడు. గ్రౌండ్‌లో వెంటపడి నేర్పాడు. మిల్‌ఫీల్డ్ అనే పెద్ద ప్రైవేట్ స్కూల్లో స్కాలర్‌షిప్ వచ్చేదాకా ఊరుకోలేదు. ఎడ్వర్డ్స్‌ని ఈరోజు రగ్బీ చరిత్రలోనే గొప్ప ఆటగాళ్ళలో ఒకడిగా లెక్కేస్తారు.

రెండో ఆయన సియా కొలిసి, దక్షిణాఫ్రికా. 1991లో జ్విడే అనే పేదల బస్తీలో పుట్టాడు. తిండికే కటకట. నాయనమ్మ వాళ్ళింట్లో పెరిగాడు. ఒక సెలక్షన్ ట్రయల్‌కి నిక్కరు లేక లోపలి బాక్సర్ షార్ట్స్‌తోనే ఆడానని తనే చెప్పుకున్నాడు. పన్నెండేళ్ళ వయసులో గ్రే అనే పేరున్న బడిలో స్కాలర్‌షిప్ వచ్చింది. అది సర్కారు బడే, కానీ ఫీజు ఉండే పాత పెద్ద బడి. అక్కడ మూడు పూటలా అన్నం, గ్రౌండు, కోచ్, ఇంగ్లీష్ దొరికాయి. 2018లో దక్షిణాఫ్రికా టెస్ట్ జట్టుకి మొదటి నల్లజాతి కెప్టెన్ అయ్యాడు. 2019లో, 2023లో వరల్డ్ కప్ ఎత్తాడు.

ఈ రెండు కథలూ విన్నప్పుడు "చూశారా, టాలెంట్ ఉంటే చాలు" అని సులువుగా అనేస్తాం. కాస్త ఆగండి. కొలిసి బస్తీలో అలాంటి కాళ్ళు ఉన్న పిల్లలు ఇంకెంతమంది ఉండి ఉంటారు? స్కాలర్‌షిప్ వచ్చింది కొందరికే. ఈ ఇద్దరిలోనూ టాలెంట్ కన్నా ముందు ఒక పెద్దమనిషి కళ్ళు ఉన్నాయి. బెల్ కొట్టాక ఇంటికి పోకుండా గ్రౌండ్‌లో నిలబడిన మనిషి.

మన జిల్లా నుంచి రగ్బీ దేశానికి

ఇప్పుడు మీరు ఊహించని లింకు ఒకటి చెప్తాను. రగ్బీ సెవెన్స్‌లో ప్రపంచాన్ని ఊపేసిన దేశం ఫిజీ. పసిఫిక్ సముద్రంలో చిన్న ద్వీపాలు, జనాభా పది లక్షలు కూడా లేదు. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో గ్రేట్ బ్రిటన్‌ని 43-7 తేడాతో ఓడించింది. అది ఆ దేశానికి ఒలింపిక్స్‌లో మొట్టమొదటి పతకం, అదీ బంగారం. తర్వాత టోక్యోలో మళ్ళీ బంగారమే.

ఆ ఫిజీకి 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు నుంచి ఓడల్లో కూలీలు పోయారు, చెరుకు తోటల్లో పనికి. వాళ్ళలో తమిళులు, తెలుగువాళ్ళు ఇద్దరూ ఉన్నారు. ఎక్కువమంది పోయిన జిల్లాల్లో ఉత్తర ఆర్కాటు ఒకటి. అప్పట్లో ఆ జిల్లాకి కేంద్రం ఏ ఊరో తెలుసా? మన చిత్తూరే. 1911లో గానీ చిత్తూరు వేరే జిల్లా కాలేదు. అంటే ఫిజీలో ఈరోజు ఉన్న కొన్ని కుటుంబాల ముత్తాతలు ఈ చుట్టుపక్కల పల్లెల నుంచి పోయినవాళ్ళే.

అక్కడ వాళ్ళు చేసిన పని వినండి. కూలికి పోయిన మనుషులు, చేతిలో పెద్దగా ఏమీ లేని మనుషులు, 1926లో సంగం అనే సంస్థ పెట్టుకున్నారు. పిల్లలకి బడులు కట్టుకున్నారు. తర్వాత తెలుగువాళ్ళు ఆంధ్ర సంగం అని ఇంకోటి పెట్టుకున్నారు. అవి సర్కారు పెట్టిన బడులు కావు, లాభం కోసం పెట్టిన బడులూ కావు. ఊరంతా కలిసి పెట్టుకున్నవి. ప్రైవేట్ అనే మాటకి అలాంటి అర్థం కూడా ఒకటి ఉంది, మన దగ్గర మనం దాన్ని మర్చిపోయాం.

ఫిజీలో స్కూల్ రగ్బీకి డీన్స్ ట్రోఫీ అని పోటీ ఉంది. దేశమంతా చూస్తుంది. అక్కడ భారత సంతతి పిల్లలు ఎక్కువగా ఫుట్‌బాల్ వైపు, ఐటౌకీ అనే స్థానిక తెగల పిల్లలు రగ్బీ వైపు పోయారు. ఏ బడిలో ఏ ఆట ఉంటే పిల్లలు దాంట్లోకే పోతారు. మళ్ళీ అదే మాట.

ఇంకో ముక్క. 2016లో ఫిజీ జట్టుకి కోచ్‌గా ఉన్న బెన్ ర్యాన్ వాళ్ళని సింగటోకా ఇసుక దిబ్బల మీద పరిగెత్తించేవాడు. ఇసుక. పైసా ఖర్చు లేదు. మన స్వర్ణముఖిలో నీళ్ళు లేని నెలల్లో ఏముంటుంది? చెప్పక్కర్లేదు కదా.

మన దేశంలో రగ్బీ ఎక్కడ ఉంది?

బ్రిటిష్ వాళ్ళు కలకత్తాలో 1872లోనే ఆడారు. మరుసటి ఏడాది క్లబ్ పెట్టారు. కొన్నాళ్ళకి మెంబర్లు తగ్గిపోయి క్లబ్ మూతపడుతుంటే, బ్యాంకులో ఉన్న 270 వెండి రూపాయలు తీసి కరిగించి ఒక కప్పు చేయించారు. పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్లు 1879 నుంచి ఈరోజు దాకా దానికోసమే కొట్టుకుంటున్నాయి. పేరు కలకత్తా కప్. మన వెండి, వాళ్ళ ఆట.

తర్వాత చాలాకాలం ఇక్కడ ఇది పెద్ద క్లబ్బుల ఆటగానే ఉండిపోయింది. దాన్ని తిరగరాసింది ఒడిశా. భువనేశ్వర్‌లో కిస్ అనే సంస్థ ఉంది, కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. గిరిజన పిల్లలకి ఉచితంగా హాస్టల్, చదువు. నడిపేది ప్రైవేట్ సంస్థే, పిల్లల దగ్గర ఫీజు తీసుకోదు. ఆ పిల్లలు 2007లో లండన్ పోయి అండర్-14 అంతర్జాతీయ స్కూల్ టోర్నమెంట్ గెలిచారు. ఫైనల్లో ఓడించింది దక్షిణాఫ్రికా జట్టుని. జంగిల్ క్రై అనే సినిమా దాని మీదే తీశారు.

2019లో మన అమ్మాయిల జట్టు మనీలాలో సింగపూర్‌ని 21-19తో ఓడించింది. పదిహేను మంది ఆటలో మన ఆడపిల్లల మొదటి టెస్ట్ విజయం అది. చివర్లో గెలిపించిన పెనాల్టీ కిక్ తన్నింది సుమిత్రా నాయక్, కిస్‌లో చదివిన అమ్మాయి. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదటి సీజన్ జరిగింది. ఆరు జట్లలో హైదరాబాద్ హీరోస్ ఒకటి. అంటే తెలుగు ఊరి పేరు కూడా ఈ ఆటలోకి వచ్చేసింది.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా లిస్టులో 2020లో కొత్తగా 20 ఆటలు చేర్చారు. 43 కాస్తా 63 అయ్యాయి. ఆ కొత్త వాటిలో రగ్బీ ఉంది. క్రికెట్‌లో రాష్ట్ర జట్టులోకి రావాలంటే పోటీ ఎంతో మీకు తెలుసు. కొత్త ఆటలో లైను చిన్నది. ఉద్యోగం గ్యారంటీ అని నేను చెప్పట్లేదు. లైను చిన్నదని చెప్తున్నా.

అయితే ప్రైవేట్ బడి ఇచ్చేది ఏంటి?

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక దగ్గర పెట్టి చూద్దాం. ఎడ్వర్డ్స్, కొలిసి, కిస్ పిల్లలు. వీళ్ళకి దొరికినవి ఏంటి? ఒకటి, ఆడుకోవడానికి టైం టేబుల్‌లోనే టైం. రెండు, గ్రౌండు. మూడు, వెంట ఉండే ఒక పెద్ద. నాలుగు, కడుపు నిండా తిండి. ఐదు, బయటి బడులతో మ్యాచ్‌లు, అంటే నలుగురి కంట్లో పడే అవకాశం. ప్రైవేట్ బడి లాభం అంటే ఈ ఐదే. ఫీజు అనేది వీటిని తెచ్చే దారుల్లో ఒకటి మాత్రమే.

దీనికి మన తెలుగు సాక్ష్యాలు రెండు. హైదరాబాద్ బేగంపేటలో 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం ఒక కాలేజీ పెట్టారు. అదే తర్వాత హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ళ అక్కడే చదివాడు. తన పుస్తకంలో క్రికెట్ గురించి ఒక సంగతి రాశాడు. ఒక మ్యాచ్‌లో తన బౌలింగ్ సరిగ్గా పడకపోతుంటే కెప్టెన్ బాల్ తీసుకుని తనే వేసి వికెట్ తీసి, మళ్ళీ బాల్ ఈయన చేతికే ఇచ్చాడట. నాయకత్వం అంటే ఏంటో అప్పుడు అర్థమైందంటాడు. ఆ పాఠం ఏ క్లాసులోనూ చెప్పరు. పెద్ద ప్రైవేట్ బడి ఇచ్చేది ఇదీ.

రెండో సాక్ష్యం మాలావత్ పూర్ణ. ఊరు పాకాల. మన చిత్తూరు పాకాల కాదు, నిజామాబాద్ జిల్లా పాకాల. గిరిజన కుటుంబం. చదివింది సర్కారు సాంఘిక సంక్షేమ గురుకులంలో. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు కూడా నిండకుండా ఎవరెస్ట్ ఎక్కింది. ఆమెతో పాటు అదే గురుకులాల విద్యార్థి ఆనంద్ కుమార్. ఫీజు సున్నా. కానీ హాస్టల్ ఉంది, తిండి ఉంది, ట్రైనింగ్ ఉంది, "ఈ పిల్ల ఎక్కగలదు" అని నమ్మినవాళ్ళు ఉన్నారు. ఐదూ ఉన్నాయి.

ఇప్పుడు తిరగేసి చూడండి. ఫీజు ఉంది, ఐదూ లేవు. అలాంటి బడులు మన ఊళ్ళల్లో లేవా? నాలుగు అంతస్తుల బిల్డింగ్, కింద సెల్లార్‌లో పార్కింగ్, పైన రేకుల షెడ్‌లో అసెంబ్లీ. పీఈటీ పీరియడ్‌లో మ్యాథ్స్ సార్ వస్తాడు. విద్యా హక్కు చట్టం షెడ్యూల్‌లో బడికి ఆటస్థలం ఉండాలని రాసి ఉంది. రాసి ఉండటం వేరే, ఉండటం వేరే. అక్కడ లక్ష కట్టినా మనం కొనేది రగ్బీ స్కూల్ లాభం కాదు, యూనిఫామ్‌తో ఉన్న ట్యూషన్ సెంటర్. ర్యాంకు రావచ్చు, కాదనను. కొన్ని ఇళ్ళకి ఆ ర్యాంకే ముఖ్యం, అదీ కాదనను. కానీ ఏది కొంటున్నామో తెలిసి కొనాలి కదా.

మదనపల్లె దగ్గర ఒక లోయ

"మంచి ప్రైవేట్ బడిలో ఉన్నది బయటికి రాదు, అది గొప్పోళ్ళకే" అనుకునేవాళ్ళకి మన పాత చిత్తూరు జిల్లాలోనే సమాధానం ఉంది. రిషి వ్యాలీ. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1926లో ఎంచుకున్న లోయ. పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చకూడదు అనేది ఆయన పట్టుదల. రెసిడెన్షియల్ బడి, ఫీజు మామూలు రైతు ఇంటికి అందేది కాదు.

కానీ అదే క్యాంపస్ నుంచి చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు మొదలుపెట్టారు. ఒకే గదిలో రకరకాల తరగతుల పిల్లలు, ఒక టీచర్, కార్డుల మీద పాఠాలు. ఏ పిల్ల తన వేగంతో తను మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. ఆ పద్ధతిని చూసి వెళ్ళి కర్ణాటక వాళ్ళు నలి కలి అని సర్కారు బడుల్లో పెట్టుకున్నారు. తమిళనాడు వాళ్ళు ఏబీఎల్ అని పెట్టుకున్నారు. పల్లె పిల్లల కోసం ఒక లోయలో తయారైన పద్ధతి సర్కారు బడుల పిల్లలకి చేరింది. చదువు గోడ దాటగలిగితే ఆట దాటలేదా? అది కార్డుల కన్నా తేలిక. బాల్ ఒక్కటి చాలు.

అడ్మిషన్ రోజు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి: గ్రౌండు చూపించండి. ఫోటో కాదు, నడిచి చూడాలి.
రెండు: పీఈటీ సార్ పేరేంటి, ఎన్నేళ్ళ నుంచి ఉన్నారు? ఆయన్ని కలవచ్చా?
మూడు: పదో తరగతి పిల్లలకి కూడా ఆటల పీరియడ్ ఉందా? ఇక్కడే చాలా బడులు నీళ్ళు నములుతాయి.
నాలుగు: పోయిన సంవత్సరం బయటి బడులతో ఎన్ని మ్యాచ్‌లు ఆడారు?
ఐదు: ఆడపిల్లలు ఆడతారా? బస్సు లేట్ అయితే ఇంటికి ఎవరు చేరుస్తారు?

ఈ ఐదింటికీ సమాధానం బాగుంటే అది సర్కారు బడైనా, గురుకులమైనా, ప్రైవేట్ అయినా మంచి బడే. ఇంకో మాట. విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రైవేట్ బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకి ఇవ్వాలి. మన రాష్ట్రంలో 2022-23 నుంచి ఒకటో తరగతిలో ఇస్తున్నారు. మీ వీధిలో అర్హత ఉన్న ఇల్లు ఉంటే, అప్లికేషన్ ఆన్‌లైన్‌లో పెట్టేది ఎలాగో వాళ్ళకి తెలియకపోవచ్చు. మీ చేతిలో ఫోన్ ఉంది. పెట్టి పెట్టండి.

ఇప్పటికే గ్రౌండు లేని బడిలో ఉంటే?

అప్పుడు 1845 గుర్తుచేసుకోండి. రూల్స్ రాసుకుంది పిల్లలే.

పద్నాలుగు మంది చాలు. మొదట ట్యాకిల్ వద్దు, టచ్ రగ్బీ ఆడండి. బాల్ ఉన్నవాణ్ణి రెండు చేతులతో ముట్టుకుంటే ఆగిపోవాలి, బాల్ వెనక్కి ఇవ్వాలి. అంతే. అమ్మాయిలు అబ్బాయిలు కలిసి ఆడచ్చు. చెప్పుల్ని గీతలుగా పెట్టుకోండి. ట్యాకిల్ నేర్చుకోవాలంటే మాత్రం తెలిసిన కోచ్ దగ్గరే, ఇసుక మీదో మెత్తటి నేల మీదో. తలకి దెబ్బ తగిలి కళ్ళు తిరిగినా, వాంతి వచ్చినా, మాట తడబడినా ఆ రోజు ఆట బంద్, డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే. "ఏం కాదులేరా" అనేవాడి మాట వినకండి. ప్రపంచ స్థాయి ఆటగాళ్ళనే తలకి దెబ్బ అని అనుమానం వస్తే బయటికి తీసుకొచ్చేస్తారు.

కొలిసి లాంటి కాళ్ళు మన చంద్రగిరిలో ఉండచ్చు, పుంగనూరులో ఉండచ్చు, శ్రీకాళహస్తిలో ఉండచ్చు. కనుమ రోజు రంగంపేట పశువుల పండగలో దూసుకొచ్చే ఎద్దుని ఆపడానికి ఎదురుపోయే కుర్రాళ్ళని చూసినవాళ్ళకి ఆ మాట నేను చెప్పక్కర్లేదు. ఆ కాళ్ళని చూసే కళ్ళు కావాలి. మీలో కొందరు రేపు టీచర్లు అవుతారు, కొందరు పీఈటీలు అవుతారు, కొందరు స్కూల్ కమిటీల్లో కూర్చుంటారు. అప్పుడు బెల్ కొట్టాక ఒక్క గంట గ్రౌండ్‌లో నిలబడండి.

సరే, ఈరోజుకి ఇంతే. ఈ ఐదు ప్రశ్నలూ అడ్మిషన్ల పనిలో ఉన్న మీ అక్కకో పిన్నికో పంపండి. మళ్ళీ కలుద్దాం. ఉంటానండీ.